నడుమ జాలి

మా పెరడును బొమ్మ గీసి చూపిస్తే నేనే ఆనవాలు పట్టలేకపోయాను. పెరళ్లు తీర్చిదిద్దడమే చదువుగా చదువుకున్న అమ్మాయట, పేరు ఫర్హీన్. ట్యాబ్‌ను నా ముక్కు కిందకు తెచ్చి వేలితో అటూ ఇటూ జరుపుతూ, "చూడున్రి ఆంటీ, గీడ పాప ఆడుకుంటది. గాడ కుక్క ఉంటది. నడుమ ఆరడుగుల జాలి వస్తది. పాపకు ఫికర్ లేదు, కుక్కకు ఫికర్ లేదు, మీకైతే అస్సలే లేదు" అంది. బొమ్మలో ప్లాస్టిక్ పచ్చిక ఉంది, జారుడుబల్ల ఉంది, ఓ మూల కుక్కకు ఎర్రపెంకుల గూడు ఉంది. నా జామచెట్టు మాత్రం లేదు. అదేదమ్మా అంటే, "ఆకులు రాలుతయి ఆంటీ, ఊడ్వలేక సస్తరు" అంది. నాకూ జుట్టు రాలుతోంది, నన్నూ తీసేస్తావా అని నోటిదాకా వచ్చింది. పిల్ల మంచిది, మర్యాదగా కూర్చుని చాయ్ తాగింది, అందుకని ఊరుకున్నాను.

మాది నాంపల్లిలో కోర్టుల వెనక సందు. చుట్టుపక్కల ఇళ్లన్నీ అంతస్తు మీద అంతస్తు వేసుకుని ఎదిగిపోయాయి గానీ, మా ఆయన పంతం వల్ల మా ఇంటి వెనక మాత్రం కాస్త నేల మిగిలింది. ఆయన పోయాక ఆ నేలకూ నాకూ తోడుగా మా కుక్క జున్ను మిగిలింది. స్టేషన్ దారిలో పుట్టిన వీధికుక్క, గోధుమ రంగు, ఒక చెవి నిలబడుతుంది, రెండోది పడుకుంటుంది. పోయిన నెల మా అమ్మాయి సునీత, అల్లుడు అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఐదేళ్ల నిత్యను తీసుకుని నా దగ్గరకే వచ్చేశారు. ఇల్లు కళకళలాడుతుందని సంబరపడ్డాను. తీరా చూస్తే నిత్యకు కుక్కంటే ప్రాణభయం. వాళ్లున్న అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరిదో పెద్ద కుక్క ఎగిరి పిల్ల మీద పడిందట. కరవలేదు గానీ, కరిచినా ఇంత భయపడేది కాదేమో. వాళ్లు వచ్చినప్పటి నుంచి జున్ను పగలంతా గొలుసుకు, నిత్య వంటింటి గడపకు. "అమ్మా, నడుమ కంచె అన్నా వేయిద్దాం, లేదంటే జున్నును ఎవరైనా మంచివాళ్లకు ఇచ్చేద్దాం. ఆదివారం లోపల నువ్వే ఏదో ఒకటి చెప్పు" అని సునీత తేల్చేసింది. కోపంగా కాదు, ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. అందుకే నాకు దాని మీద అరవడానికి కూడా వీల్లేకపోయింది.

ఫర్హీన్ వెళ్లిపోయాక కూడా ఆ పిల్ల అన్న ఒక్క మాట నన్ను వదల్లేదు. జాలి. హైదరాబాదులో పుట్టి పెరిగిన మాబోటి వాళ్లకు జాలి అంటే ఇనుపతీగల అల్లిక. కిటికీకి కొడతాం, కోళ్లగూటికి కొడతాం. జాలి అంటే ఇంకొకటి కూడా ఉందని బళ్లో పాఠాల్లో తెలిసింది. ఈ రెండు జాలుల తికమకలోంచే మా అవ్వ ఒకసారి పిల్లలకూ కుక్కకూ కలిపి ఓ పెరడు తయారు చేసింది. ట్యాబ్ లేదు, బొమ్మ లేదు. జల్లెడా, పొయ్యిబూడిదా ఉన్నాయి.

అప్పుడు మేం ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో ఓ సందులో కిరాయికి ఉండేవాళ్లం. ఒకే కప్పు కింద రెండు పోర్షన్లు, వెనక ఇద్దరికీ కలిపి ఒకటే పెరడు. నాన్నకు స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసులో పని. ఆయన చొక్కా వాసన చూసి ఏ కాలమో చెప్పేవాళ్లం. ఎండాకాలం మామిడిపండ్లు, చలికాలం నారింజలు. చేపల బుట్టలు దిగిన రోజు మాత్రం అమ్మ ఆ చొక్కాను గడప బయటే విప్పించేది. అవ్వ నాన్నకు తల్లి. మెదక్ దిక్కు మిషన్ దవాఖానలో ముప్పై ఏళ్లు నర్సమ్మగా చేసి వచ్చింది. ఉద్యోగం మానేసినా తెల్లచీర మానలేదు, ఫినాయిల్ మానలేదు, పొద్దున లేస్తూనే మా గోళ్లు తనిఖీ చేయడం మానలేదు. "ముందుగాల చూడు, తర్వాత ముట్టు" అనేది ప్రతిదానికీ. పుండైనా, పనసపండైనా, కొత్త మనిషైనా ఆమెకు అదే పద్ధతి.

పార్సిల్ మా కుక్క. గోడౌను వెనక తల్లి వదిలేసిన కూనను నాన్న ఓ ఖాళీ మామిడిపండ్ల బుట్టలో పెట్టి తెచ్చాడు. బుట్ట మీద ఇంకా ఎవరిదో చీటీ అంటుకుని ఉంది. "ఏందిరా గిది?" అని అవ్వ అడిగితే, "పార్సిల్" అన్నాడు నాన్న. అంతే, బాప్తిస్మం అయిపోయింది. ఆకలికి ఆగని రకం. మేం కంచాల ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే వెనకనుంచి వచ్చి మా తమ్ముడి కంచం నాకేది. అవ్వ దాన్ని గడప దగ్గర కూర్చోబెట్టి, ముందర మూకుడు పెట్టి, వేలు చూపించింది. "ఈ ఇంట్ల అందరికీ ఒకటే కానూన్. ప్రార్థన గాకుండ ఎవ్వలు ముద్ద ముట్టొద్దు." పది రోజుల్లో నేర్చుకుంది. మూకుడులో ఎముకల పులుసు పొగలు కక్కుతున్నా సరే, ఎవరో ఒకరు 'ఆమెన్' అనేదాకా ముట్టేది కాదు. అవ్వ ప్రార్థన కాస్త పొడుగే. లోకంలోని రోగులందరూ, ప్రయాణాల్లో ఉన్నవాళ్లందరూ అందులోకి వచ్చేవాళ్లు. మధ్యలో నేను ఒక కన్ను తెరిచి చూస్తే పార్సిల్ కూడా ఒక కన్నుతో నన్నే చూస్తుండేది.

పక్క పోర్షన్‌లోకి తెనాలి దిక్కు నుంచి ఒక కుటుంబం దిగింది. ఇంటాయనకు సచివాలయంలో గుమాస్తా పని. ఆయన తల్లిని అందరూ బామ్మగారనేవాళ్లు. మడి, ఆచారం, ఇంగువ తిరగమోత, పొద్దున్నే కాఫీగింజలు మరలో తిప్పే చప్పుడు. మా ఇంట మంచినీళ్లు కూడా పుచ్చుకునేది కాదు. మాకది అప్పట్లో వింతగా కూడా అనిపించలేదు, అదొక రకం జనం అనుకునేవాళ్లం. ఆమె మనవడు చంటి, నాలుగున్నరేళ్లవాడు. ఊళ్లో పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకుని, ఆ మచ్చలతోనే హైదరాబాదు వచ్చాడు. వచ్చిన రోజే పార్సిల్ కొత్తవాళ్లను పలకరిద్దామని తోకాడించుకుంటూ వెళ్లింది. పిల్లవాడు ఏడవలేదు. ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయి నిలబడిన చోటే పడిపోయాడు. అవ్వ పరుగున వెళ్లి వీపు చరిచి ఊపిరి తెప్పించింది.

ఆ సాయంత్రమే పెరట్లో పంచాయితీ. చంటి నాన్న నెమ్మదస్తుడే గానీ ఖచ్చితంగా చెప్పాడు: "మీరు కుక్కనైనా పంపించండి, మేమైనా ఇల్లు ఖాళీ చేస్తాం." మా నాన్న ఇద్దరికీ నచ్చేలా మాట్లాడబోయాడు. "గంత దూరం ఎందుకండీ, నడుమ జాలి పెడదాం. అందరికీ మంచిగుంటది."

బామ్మగారు తలుపు చాటు నుంచే అంది: "జాలి ఉండాలి నాయనా, కాదనను. నోరులేని జీవం. కానీ మీకు జాలి ఉందని అది మావాణ్ణి కరవకుండా ఊరుకుంటుందా?"

నాన్న తెల్లబోయాడు. "జాలి ఉంటే ఎట్ల కరుస్తదమ్మా? దాని మూతి పట్టదు."

"జాలి మూతికెందుకు పట్టాలి? చోద్యంగా మాట్లాడతారే!"

"మూతి పట్టని జాలే తెస్త. సుల్తాన్ బజార్ల దొరుకుతది, గజాల లెక్క అమ్ముతరు."

"అయ్యో రామా! ఈ ఊళ్లో జాలిని కూడా బజార్లో అమ్ముతారుటండీ?"

అవ్వకు విషయం అర్థమై నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు వచ్చేదాకా, చీరకొంగు నోట్లో కుక్కుకునేదాకా నవ్వింది. "బామ్మగారూ, వాడు చెప్పే జాలి ఇనుపది. మీరు చెప్పేది మనసుల ఉండేది" అనేసరికి తలుపు వెనక కూడా కిసుక్కుమని నవ్వు వినిపించింది. ఇంత పెద్ద గొడవ ఆ నవ్వుతో కాస్త మెత్తబడింది. అవ్వ అప్పుడే మాట ఇచ్చింది. "ఇనుపది వద్దు. నడుమ జాలి కొడితే కుక్క గీ దిక్కు మొరుగుతది, పిల్లగాడు గా దిక్కు ఏడుస్తడు. చీము లోపలుంచి పైన కట్టు కట్టినట్టే. బళ్లు తెరిచే దాంక నాకు టైమియ్యున్రి. అప్పటికి గూడ పిల్లగాని భయం పోకపోతే పార్సిల్‌ను నేనే మెదక్ తోలిస్త. ప్రభువు మీద మాట." బళ్లు తెరవడానికి ఇంకా నెలన్నర ఉంది. నేనూ తమ్ముడూ పార్సిల్‌ను పట్టుకుని ఏడ్చాం. నిజం చెప్పొద్దూ, చంటిని ఆ రోజు నేను కసిదీరా తిట్టుకున్నాను. వాడి చావేదో వాడు తెనాలిలోనే చావకూడదా అనుకున్నాను. ఎనిమిదేళ్లదాన్ని, ఏం తెలుసు.

మర్నాడు సాయంత్రం అవ్వ పొయ్యిబూడిద జల్లెడ పట్టి పెరడంతా పలచగా చల్లింది. ముసలిదానికి మతి పోయిందని అమ్మ గొణిగింది. తెల్లారి చూస్తే పార్సిల్ అడుగులు గోడ పొడుగునా ఒకే బారుగా ఉన్నాయి, నీళ్ల నల్లా నుంచి తలుపు దాకా, మళ్లీ నల్లా దాకా. మావి మెట్ల నుంచి ఆ పెరటి జామచెట్టుకు సూటిగా ఉన్నాయి. నాలుగు రోజులు చల్లినా అవే దారులు. "చూసినవా రూతూ, కుక్కకు దాని సడక్ ఉంది, మీకు మీది ఉంది. రెండూ గీ నల్లా కాడ్నే కలుస్తున్నయ్. లొల్లంత గీడ్నే" అని చూపించింది నాకు. పార్సిల్ నీళ్ల మూకుడును నల్లా దగ్గర నుంచి తీసి గోడవార నీడలో పెట్టింది. గోడ వెంబడి పూలకుండీలు జరిపించి, దాని దారిని దానికి వదిలేసింది. చాదర్‌ఘాట్ నుంచి గాడిదల మీద మూసీ ఇసక తెప్పించి రెండు కుప్పలు పోయించింది, తవ్వుకోవడానికి దానికొకటి, గూళ్లు కట్టుకోవడానికి మాకొకటి. పెరట్లో పరిచిన షాబాద్ బండలు మధ్యాహ్నం పెనంలా కాలేవి. అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టి, "నా చెయ్యి ఓర్వనిది పిల్లల కాలెట్ల ఓరుస్తది, కుక్క కాలెట్ల ఓరుస్తది" అని నాన్న తెచ్చిన చినిగిన గోనెసంచులు తడిపి పరిపించింది. ఆ తడి గోనె వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు చప్పున వేసవి సెలవులు గుర్తొస్తాయి.

చిక్కంతా గన్నేరు చెట్టు దగ్గర వచ్చింది. పెరటి మధ్యలో ఎర్రగా విరగబూసి ఉండేది. బామ్మగారు రోజూ పొద్దున్నే ఆ పూలే కోసి శివుడికి పెట్టుకునేది. అవ్వ వెళ్లి, "బామ్మగారూ, ఈ చెట్టు తియ్యాలె. ఆకు నమిలితే పిల్లలకైన పానం పోతది, కుక్కకైన పోతది. దవాఖానల నా కండ్లతోని చూసిన" అంది. బామ్మగారి ముఖం మాడిపోయింది. "మీ కుక్క కోసం మా దేవుడి పూలు మానుకోవాలన్నమాట. బాగానే ఉంది సంబడం" అని తలుపేసుకుంది. రెండు రోజులు రెండు పోర్షన్ల మధ్య మాటల్లేవు. మూడో రోజు పొద్దున ఆమే బయటికి వచ్చి, చెట్టుకు దణ్ణం పెట్టి, "కొట్టించేయండి నర్సమ్మగారూ. శివుడు విషం మింగి తట్టుకున్నాడు. మావాడు తట్టుకోలేడు" అంది. అవ్వ ఆ చోట ముద్దమందారం నాటింది. అది పూతకు వచ్చేదాకా తానే మొజంజాహీ మార్కెట్‌కు నడిచిపోయి పూలు తెచ్చి, ఆకులో చుట్టి, వాళ్ల మెట్టు మీద పెట్టి వచ్చేది. మొదట్లో బామ్మగారు వాటి మీద నీళ్లు చల్లి తీసుకునేది. అవ్వ చూసీ చూడనట్టు ఊరుకునేది. ఎప్పుడు మానేసిందో గానీ కొన్నాళ్లకు చల్లడం మానేసింది. దానికి బదులు అవ్వ పెరట్లో ఎండుచేపలు ఎండబెట్టడం మానేసింది. ఇది అసలు మా నాన్న చేసిన త్యాగం, చచ్చేదాకా చెప్పుకున్నాడు.

అన్నిటికంటే అసలుది అరుగు. మిగిలిపోయిన బండలతో బామ్మగారి వెనక తలుపు పక్కన అవ్వ ఒక అరుగు కట్టించింది. పార్సిల్ వెనక కాళ్ల మీద లేచినా మూతి అందనంత ఎత్తు, దిగడానికి మూడు మెట్లు. "భయమున్నోనికి ఎత్తు గావాలె. పైనుంచి చూస్తే ఎంతటిదైనా సిన్నగ కనిపిస్తది" అంది. చంటిని దాని మీద కూర్చోబెట్టి, మా ఇద్దరి చెవులూ మెలేసి చెప్పింది: "వాణ్ని దిగమని ఎవ్వలన్న పిలిచిన్రో, నాలుక కోస్త." చంటి మొదటి వారమంతా మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ముడుచుకుని కూర్చున్నాడు. మా ఆటలు చూసేవాడు, పార్సిల్ గోడవార తిరగడం చూసేవాడు, మేం వసారాలో భోజనాలకు కూర్చుంటే అదీ చూసేవాడు. అవ్వ రోజూ వాడి కాళ్లను జ్వరం చూసినట్టు చూసేది. ఒకనాడు వాడి ఎడమ కాలు కిందికి వేలాడింది. అవ్వ నాకు సైగ చేసింది, నేను అరవబోతే నోరు మూసింది. మరో వారానికి రెండో కాలూ వేలాడింది. అక్కడితో ఆగిపోయింది. అరుగు దిగమంటే దిగడు. రోజులు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ నేను పార్సిల్ వైపు చూడలేకపోయేదాన్ని.

బళ్లు తెరవడానికి నాలుగు రోజులుందనగా మెదక్‌లో అవ్వ చెల్లెలు పోయిందని కబురొచ్చింది. తెల్లవారుజామునే అందరం బయల్దేరాం. ఇంత ముద్ద పెట్టమని బామ్మగారిని బతిమాలి, పార్సిల్‌ను అప్పగించి పోయాం. ఆ హడావిడిలో ఒక్క సంగతి చెప్పడం మరిచాం. బస్సులో సగం దారిలో అవ్వ ఉలిక్కిపడి, "అయ్యో, ఆమెన్ సంగతి చెప్పలే గదరా!" అంది. ఏం చేస్తాం, ఫోన్లా పాడా.

రెండు రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి జరిగిందంతా బామ్మగారే చెప్పింది. "ముద్దపప్పు కలిపి, నెయ్యి వేసి పెట్టానండీ. అన్నం వంక చూస్తాడు, నా వంక చూస్తాడు, తల దించుకుంటాడు. మా వంట నచ్చలేదేమోనని పెరుగన్నం పెట్టాను. అదీ అంతే. రాత్రికి పాలు పోశాను. ముట్టలేదు. తెల్లారేసరికి లేవలేకుండా పడుకున్నాడు. మీకేం సమాధానం చెప్పాలో తెలీక నా ప్రాణం పోయిందనుకోండి. అప్పుడు మా వెధవాయి అరుగు మీంచి, 'బామ్మా, వాళ్ల భాషలో చెప్పాలే' అంటాడు. వాళ్లదీ తెలుగేరా అంటే, 'కాదు, వాళ్లు అన్నం ముందు ఆమెన్ అంటారు, ఆమెన్ అంటే తిను అని' అంటాడు! మడికట్టుకుని ఉన్నాను, నేనెలా అంటానురా అన్నాను. ఇంతలోకే వాడు..." బామ్మగారు కొంగుతో కళ్లొత్తుకుంది.

చంటి మూడు మెట్లూ దిగాడట. మూకుడు ముందు నిలబడి, మాలాగే చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లంతా వణుకుతూ 'ఆమెన్' అన్నాడట. పార్సిల్ లేచి మూకుడు ఖాళీ చేసి, వాడి పాదం నాకిందట. వాడు ఊపిరి బిగబట్టలేదు. కిలకిల నవ్వాడట. ఆమె చెబుతుండగానే మేం చూశాం, చంటి నేల మీద కూర్చుని ఉన్నాడు, పార్సిల్ తల వాడి ఒళ్లో ఉంది. చెల్లెలి చావుకు కూడా మా ముందు కన్నీరు పెట్టని అవ్వ అక్కడే మెట్టు మీద కూలబడి భోరున ఏడ్చింది. బామ్మగారు మడి సంగతి మరిచి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బళ్లు తెరిచారు. మెదక్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చంటి మాత్రం ఆ మాటను వదల్లేదు. ఆ శ్రావణంలో వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. మమ్మల్నీ పిలిచారు, వసారాలో కూర్చున్నాం. పంతులుగారు నైవేద్యం పెట్టి, నీళ్లు తిప్పి, అందరూ నిశ్శబ్దంగా చేతులు జోడించిన సమయంలో చంటి పీట మీంచి ఖంగున "ఆమెన్!" అన్నాడు. పంతులుగారి చేతిలో ఉద్ధరిణి జారి పడింది. చంటి నాన్న ముఖం ఎర్రబడింది, మా నాన్న నేలలోకి కుంగిపోయాడు. చంటి తన తప్పేమిటో తెలీక, "మరి చెప్పకపోతే స్వామి ఎలా తింటాడు?" అన్నాడు. బామ్మగారే అందరికంటే ముందు తేరుకుంది. "వాడన్నదాంట్లో తప్పేముందండీ? తినవయ్యా అని ఎవరో ఒకరు చెప్పాలిగా. కానివ్వండి పంతులుగారూ." ఆ రోజు ప్రసాదం పార్సిల్‌కు కూడా అందింది. ఎవరి చేత తినిపించారో చెప్పక్కర్లేదు.

అవ్వ పోయేనాటికి నేను కాలేజీలో ఉన్నాను. అప్పటికి ఆమె బామ్మగారిని వదినె అనేది, ఆమె ఈమెను వదినగారూ అనేది, మందారం రెండు పోర్షన్ల కిటికీలూ మూసేసేంత పెరిగింది. అవ్వను సమాధి చేసి వచ్చిన రోజు నుంచి పార్సిల్ తినడం మానేసింది. అదీ ముసలిదే అయిపోయింది, మూతి తెల్లబడింది. నాన్న అన్నాడు ఆమెన్, అమ్మ అంది, నేనూ తమ్ముడూ అన్నాం, వయసు వచ్చి పొడుగైన చంటి కూడా అన్నాడు. కళ్లెత్తి చూసేది, మళ్లీ తల వాల్చేది. మూడో రోజు బామ్మగారు స్నానం చేసి, తడిచీరతోనే, గిన్నెలో పెరుగన్నంతో వచ్చింది. మా వసారాలో, అవ్వ కూర్చునే చోటే మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా చతికిలబడింది. అన్నం మూకుడులో పెట్టి, దాని నుదుటి మీద చెయ్యి వేసి, ఎవరి వంకా చూడకుండా, "ఆమెన్ నాయనా, ఆమెన్" అంది. ముసలి గొంతు, కాస్త జీర. పార్సిల్ చెవులు కదిలాయి. లేచి కూర్చుని తిన్నది. నేను గోడకు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాను. ఆ తర్వాత అది బతికిన ఐదారు నెలలూ రెండు పూటలా బామ్మగారే వచ్చి ఆ మాట చెప్పి తినిపించి పోయింది. ఒక్కనాడూ మా ఇంట మంచినీళ్లు తాగని మనిషి.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట లాడ్జి ఉంది, పెరడున్న చోట బళ్లు నిలుపుతారు. ఆ రోజులన్నీ బంగారం అని నేననను. మెట్టు మీద పూలకు నీళ్లు చల్లిన రోజులు కూడా అవే. ఫర్హీన్ చదువునూ తీసిపారేయను, కాళ్లు కాలని బండలు, దెబ్బ తగలని రబ్బరు నేల ఆ పిల్లకు తెలుసు, మా అవ్వకు తెలియవు. కాకపోతే ఇప్పుడు మనకు ముందుగా తోచేది కంచె. ఎవరు ఎటు నడుస్తున్నారో చూసే ఓపిక తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు. నేనూ అంతేగా. నెల రోజులు జున్నును గొలుసుకు కట్టి కూర్చున్నానే గానీ, ఓ చారెడు పిండి చల్లి చూశానా?

ఆదివారం చర్చి నుంచి వస్తూనే సునీతకు ఇదంతా చెప్పాను. అది పెరట్లోకి వెళ్లి జున్ను వైపు ఓసారి చూసి వచ్చింది. తర్వాత, "దసరా సెలవుల దాకా చూద్దాం అమ్మా. అప్పటికీ కాకపోతే మాత్రం..." అని ఆగింది. నేను ఒప్పుకున్నాను. అవ్వలాగే నేనూ మాట ఇచ్చాను. ఫర్హీన్‌కు ఫోన్ చేసి, "బిడ్డా, నడుమ జాలి తీసెయ్యి" అన్నాను.

"జాలి తీస్తే ఎట్ల ఆంటీ? మరి నడుమ ఏం పెట్టాలె?"

"ఏం పెట్టకు. జామచెట్టు ఉంచు. గోడ పొడుగునా దారి వదులు, అది జున్నుది. వంటింటి తలుపు పక్కన ఓ అరుగు కట్టు, మూడు మెట్లతో."

"ఎంత ఎత్తు?"

"జున్ను లేచి నిలబడినా మూతి అందనంత."

అరుగు కట్టి మూడు వారాలైంది. ఫర్హీన్ వచ్చినప్పుడల్లా దాని మీదే కూర్చుని చాయ్ తాగుతుంది, బాగుంది ఆంటీ, వేరే ఇండ్లల్ల గూడ పెడత అంటోంది. జున్ను గొలుసు మేకుకు వేలాడుతోంది. నిత్య రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి, బిస్కట్ పట్టుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని అరుగు మీద కూర్చుంటుంది. "అమ్మమ్మా, జున్నుకు ఏ మాట చెబితే తింటుంది?" అని అడిగింది మొన్న. జున్ను ఏం చెప్పకపోయినా తింటుంది, తిండిపోతు. ఆ సంగతి నేను చెప్పలేదు. ఏ మాటో నువ్వే కనిపెట్టు అన్నాను. నిన్న సాయంత్రం నేను బియ్యం ఏరుతూ ఓరగా చూస్తున్నాను. జున్ను గోడవార తన దారిన పోతూ అరుగు కింద ఒక్క క్షణం ఆగింది. పైనుంచి ఓ తెల్ల సాక్సు, మెల్లగా, కిందికి జారి వేలాడింది. ఎడమ కాలు. సునీత కూడా చూసింది, ఆనందం పట్టలేక పిల్లను పిలవబోయింది.

"పిలిచావంటే నాలుక కోస్తా" అన్నాను.

నిత్య కుడికాలు ఇంకా పైనే ఉంది. ఉండనీ, సెలవులు ఇంకా దూరంలోనే ఉన్నాయి.